మూడుసార్లు పిలిచారు

"లోపలికి రాండి ముందు. వీధిలో నిలబడి చెప్పే మాటేనా అది?"

"నేను రాకూడదని నీకు తెల్దా వకుళా?"

"తెలుసు. తెలిసే పిలుస్తాండా."

చక్రపాణి కదల్లేదు. అరుగు కింద ఎండలో అలాగే నిలబడ్డాడు. గడప లోపల వకుళమాల, చేతిలో మజ్జిగ చెంబు. ఆ చెంబు కూడా ఆయన అందుకోకూడదు.

అహోబిలం స్వామి తన కల్యాణానికి రమ్మని ఊరూరూ తిరిగి పిలిచే పార్వేట రోజులవి. కనుమ నాడు బయల్దేరిన పల్లకి నలభై రోజులు ఊళ్ళ మీదే ఉంటుంది. కంకణం కట్టుకుని ఆ పల్లకి వెంట నడిచే అర్చకుడు, స్వామి తిరిగొచ్చేదాకా సొంత గడప తొక్కడు, సొంతింటి నీళ్ళు తాగడు. ఆ వంతు ఒక్కో ఇంటికి పన్నెండేళ్ళకొకసారి వస్తుంది. చక్రపాణికి ఈ ఏడు వచ్చింది.

కంకణం కట్టుకుని ఇరవై ఎనిమిది రోజులైంది. ఇవాళ మధ్యాహ్నం నంద్యాల బస్సు దిగి, పల్లకి దగ్గరికి పోతూ పోతూ ఇంటి ముందు ఆగి, "నా మీద వారంటు పుట్టింది" అన్నాడు. పక్కింట్లో చారెడు చింతపండు అడిగినంత నెమ్మదిగా అన్నాడు.

"వారంటేంది? వాయిదాకు పోయే వస్తిరి కదా?"

"పోయింది ఈపొద్దు. వాయిదా నిన్నంట."

వకుళమాల వెనక్కి తిరిగి గోడ వంక చూసింది. ఎరువుల అంగడివాళ్ళిచ్చిన క్యాలెండరులో ఫిబ్రవరి పదో తేదీ చుట్టూ తన చేత్తోనే సున్నా చుట్టి పెట్టింది. మంగళవారం. ఆ మాట ఆయన బయల్దేరేటప్పుడు చెప్పింది. పల్లకి చూడబోయిన ప్రతివాడితోనూ చెప్పి పంపింది.

"పదో తేదీ, పదో తేదీ అని నోరు నొప్పి పుట్టేట్టు చెప్తి కదండీ!"

"చెప్పినావు. నేనూ లెక్కేసుకుంటి. పదో తేదీకి స్వామి జంబులపాడు చేరతాడు. జంబులపాడు చేరిన దినమే నేను నంద్యాల పోవల్ల. చేరినాము. పోయినా."

"మరి?"

"రాళ్ళకొత్తూరులో ముసలామె పోయింది. శవం లేచేదాకా స్వామి ఊర్లోకి పోడు కదా. పొలిమేర కాడ ఒక దినం ఆగినాము." చక్రపాణి తల దించుకున్నాడు. "ఆ దినం నా లెక్కలోకి రాలేదు."

కోప్పడాలో నవ్వాలో ఆమెకు తెలియలేదు. ఆ వంశంలో మగవాళ్ళకు తేదీలు రావు. పార్వేటలో ఉన్నవాళ్ళకు అసలే రావు. ఇవాళ ఏం వారమంటే బిక్కమొహం వేస్తారు. ఫలానా ఊరి తర్వాత ఏ ఊరంటే నిద్రలో లేపినా చెబుతారు. తాతల నాటి నుంచీ కాలాన్ని ఊళ్ళతోనే కొలిచారు. కోర్టువాళ్ళకు ఆ కొలత తెలియదు పాపం.

"నిన్న మూడుసార్లు పిలిచినారంట" అన్నాడు చక్రపాణి. "ఏడో ముద్దాయి చక్రపాణీ అని. పలికేవాడు లేడు. సాక్ష్యానికని కర్నూలు నుంచి డాక్టరొచ్చి ఊరికే కూర్చుని పోయినాడంట. మేజిస్ట్రేటుకు కోపమొచ్చింది. వారంటు రాసినాడు. జామీను గూడా రద్దంట."

"సంజీవయ్య ప్లీడరును కలిసినారా?"

"ఆయప్ప ఈపొద్దు ఊర్లో లేడు."

"లేకుంటే ఆడనే కూర్చోవల్ల! కోర్టు గడప దాకా పోయి తిరిగొస్తారా ఎవరన్నా?"

"సాయంత్రం నైవేద్యం ఉండాది కదా."

అదీ ఆయన జవాబు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆమె ఎన్ని ప్రశ్నలడిగినా చివరికి నైవేద్యం దగ్గరే తేలేది.

అసలా కేసే అట్లాంటిది. పోయినేడు పార్వేటలో ఒక ఊళ్ళో పల్లకి ముందు ఎవరి వాకిట దిగాలని రెండు ఇళ్ళవాళ్ళు కర్రలు లేపారు. తలలు పగిలాయి. పోలీసులు పన్నెండుమందిని రాసుకున్నారు. అప్పుడు పల్లకికి గొడుగు పట్టిన చక్రపాణిని ఏడోవాణ్ణి చేశారు. గొడుగు కర్రను మారణాయుధమని రాశారు. ఆ ఆయుధంతో ఆయన జీవితంలో ఈగను కూడా కొట్టలేదు.

"పార్వేట కానీ" అన్నాడు చక్రపాణి. "స్వామి ఇల్లు చేరినాక నేనే పోయి నిలబడ్తా."

"అందాకా పోలీసులు గమ్మునుంటారా?"

"స్వామి పల్లకి కాడికి ఎవరొస్తారు?"

"పోయినేడు రాలేదా?"

ఆయన కంకణం కట్టిన చేతిని ఇంకో చేత్తో పట్టుకుని, వెళ్ళడానికి తిరిగాడు.

"మదారన్న సంగతేంది?" అంది వకుళమాల.

చక్రపాణి ఆగాడు. తిరిగి చూడలేదు. "అదొక్కటి అడగొద్దు వకుళా" అని, ఎండలో పడి వెళ్ళిపోయాడు.

మజ్జిగ చెంబు చేతిలోనే ఉండిపోయింది.

* * *

మదార్ ఆళ్ళగడ్డలో దర్జీ. స్వామి పల్లకి మీద కప్పే గుడ్డ, గొడుగు అంచులూ కుట్టేది ఆ ఇంటివాళ్ళే; మదార్ తాత నుంచీ అదే వరస. పోయినేడు చక్రపాణిని స్టేషనులో కూర్చోబెట్టినప్పుడు, తోటి అర్చకులంతా తలా ఒక దిక్కు చూస్తుంటే, ఎకరన్నర పొలం కాగితాలు చంకలో పెట్టుకుని కోర్టుకు పోయి జామీను నిలబడింది ఆ మనిషే.

గురువారం పొద్దున వకుళమాల పోయేసరికి మదార్ భార్య జైతున్‌బీ వాకిట్లో చేటతో బియ్యం చెరుగుతోంది. చూసింది. చెరగడం ఆపలేదు.

"వచ్చినావా అమ్మా. రా. నీ కోసమే చూస్తాండా. అయ్యవారు రాడులే. ఊర్లన్నీ పిలవల్ల కదా, తీరికెట్లుంటుంది."

"వదినా..."

"నన్ను చెప్పనీ. మంగళవారం పొద్దున్నే మా ఆయన అంగడి మూసి నంద్యాల పోయినాడు. జామీను ఇచ్చినోడు గూడా పోయి నిలబడల్లంట, అది మర్యాదంట. నిలబడినాడు. మూడుసార్లు పిలిచినారు. నాలుగోసారి ఎవర్ని పిలిచినారో తెలుసునా? ఈయన్ని! 'నీ ముద్దాయి యాడ?' అని అడిగినాడంట మేజిస్ట్రేటు. అంతమంది జనంలో."

"ఏం చెప్పినాడు?"

"నన్నెందుకడిగేది? ఆడనే ఉండాడు, అడుగు."

మదార్ పంచలో మిషను ముందు కూర్చున్నాడు. తొక్కడం లేదు. సూదిలో దారం ఎక్కిస్తున్నాడు. అది ఎక్కడం లేదు.

"తెలియదని చెప్పినా" అన్నాడు.

"తెలియదంట!" జైతున్‌బీ చేట కింద పెట్టింది. "పల్లకి గుడ్డ కుట్టిన మనిషికి పల్లకి యాడుందో తెలియదంట. నలభై ఏండ్లలో ఈయన నోట అబద్ధం నేను వినలేదమ్మా. మొదటిది కోర్టులో చెప్పినాడు, బోనులో నిలబడి!"

"ఎందుకన్నా అట్ల చెప్పినావు?"

మదార్ దారం పక్కన పెట్టాడు. "నిజం చెప్తే పోలీసుల్ని ఆడికే పంపుతారు కదమ్మా. నడివీధిలో స్వామిని దింపి, అందరూ చూస్తుండంగ అయ్యవారి చేతికి..." తర్వాతి మాట అనలేకపోయాడు. "అది నా నోటితో ఎట్ల చెప్పేది?"

పక్కన పెట్టిన దారం మళ్ళీ అందుకున్నాడు.

వకుళమాలకు ఏడుపొచ్చింది. నిన్న మొగుడి ముందు కోపమే తప్ప కన్నీళ్ళు రాలేదు. ఇక్కడ, పరాయి వాకిట్లో, చెరిగిన బియ్యం ముందు కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తన మనిషి లెక్క తప్పినందుకు ఇంకో మనిషి అబద్ధమాడాడు. ఆ బరువు ఆమెకు పొలం పోయేదానికంటే ఎక్కువనిపించింది.

జైతున్‌బీ కాసేపు చూసి, లేచి లోపలికి పోయి లోటాతో నీళ్ళు తెచ్చింది.

"తాగు. నా కోపం నీ మీద కాదులే. పొలం పోతే పోనీ, కూలికి పోయి బతుకుతాం. ఇంగ మీదట ఈ మనిషి మాట ఎవరన్నా నమ్ముతారా? అది చెప్పు."

వకుళమాల నీళ్ళు తాగి లోటా కింద పెట్టింది.

"ఏడ్చుకుంటూ కూర్చుంటే వారంటు ఆగదు" అంది జైతున్‌బీ. మొగుడి వైపు తిరిగింది. "ఏందట్ల చూస్తాండావు? పిల్చుకోని పో, ప్లీడరు కాడికి. తొమ్మిది బస్సుకు పోండి."

* * *

సంజీవయ్య ప్లీడరుకు మనుషుల మీద కోపం రాదు. వాళ్ళ తెలివితక్కువతనం మీద వస్తుంది. నంద్యాలలో ఆయన ఇంటి వరండాలో కూర్చుని వకుళమాల చెప్పిందంతా విన్నాడు. పొలిమేర కాడ శవం సంగతి వచ్చేసరికి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడంటారు. ఈడ పూజారికే వరం కావల్సి వచ్చింది" అన్నాడు. "మంగళవారం నేను చెప్పి చూసినానమ్మా. ఈ ఒక్క వాయిదాకు మన్నించండని కాగితం పెట్టినా. సాక్షి వచ్చి కూర్చున్నాడు, ముద్దాయి లేడు, కుదరదన్నాడు. అది పోనీ. నిన్న వచ్చినాడంటివే, అదీ నన్ను చంపింది! వచ్చినోడు కోర్టులో నిలబడింటే నిన్ననే తీరిపోయేది."

"ఇప్పుడేం దారి సార్?" అన్నాడు మదార్.

"రేపొక్క దినమే దారి. వారంటు తపాలాలో ఆళ్ళగడ్డ స్టేషనుకు పోయింది. రేపు చేరుతుంది. ఎల్లుండి రెండో శనివారం, మర్నాడు ఆదివారం, కోర్టు ఉండదు. ఈలోగా పట్టుకున్నారంటే నేరుగా సబ్‌జైలే. తనంతట తాను వచ్చి, అయ్యా తప్పైంది, వారంటు రద్దు చేయండి అన్నోనికి ఒక లెక్క. పోలీసులు పట్టి తెచ్చినోనికి ఒక లెక్క. పట్టి తెస్తే మళ్ళా జామీను ఇయ్యడు ఈ మేజిస్ట్రేటు. కేసు తేలేదాకా లోపలే. ఏడాది పట్టచ్చు."

ఏడాది. వకుళమాల ఆ మాటను మళ్ళీ మనసులో అనుకుంది.

"మదారన్న రాసిచ్చిన కాగితం?"

"అది ఈయన మెడకుండాది. ముద్దాయిని తెచ్చి ఇయ్యకపోతే పూచీకి రాసిన దుడ్లు ఎందుకు కట్టవో చెప్పమని నోటీసొస్తుంది. చెప్పలేకపోతే పొలం జప్తు." ప్లీడరు కళ్ళజోడు పెట్టుకున్నాడు. "రేపు పదిన్నరకు మనిషి నా ముందుండల్ల. జ్వరమొచ్చి పండుకున్నానని చెప్పమనండి. డాక్టరు చీటీ నేను చూసుకుంటా."

* * *

సాయంత్రం పొద్దువాలే వేళకు ఇద్దరూ తుమ్మలపెంట చేరారు. ఊరి మధ్య పందిరి కింద పల్లకి దిగి ఉంది. ఆడవాళ్ళు హారతిపళ్ళేలతో బారులు తీరారు. చక్రపాణి లోపల తీర్థం ఇస్తున్నాడు. ఇరవై తొమ్మిది రోజుల ఎండకు నల్లబడ్డాడు కానీ, ఆ ముఖంలో ఒక వెలుగుంది. పెళ్ళినాడు కూడా ఆ ముఖం అట్లా లేదని వకుళమాల ఒప్పుకోక తప్పలేదు.

బయటికొచ్చాక ప్లీడరు మాటలన్నీ చెప్పింది. చక్రపాణి విన్నాడు.

"రేపు స్వామి నడిగడ్డ పోవల్ల" అన్నాడు.

"పోలీసులు మిమ్మల్ని సబ్‌జైలుకు తీసుకపోతే?"

"స్వామి చూసుకుంటాడు."

"స్వామి చూసుకోలేదు" అంది వకుళమాల. గొంతు పెంచలేదు. "మదారన్న చూసుకున్నాడు. మంగళవారం కోర్టులో బోనెక్కించి మీరు యాడున్నారని అడిగినారంట. తెలియదన్నాడంట. చెప్తే పల్లకి కాడికి పోలీసులొస్తారని అబద్ధం చెప్పినాడు. మీ కోసం గూడా కాదు, మీ స్వామి కోసం."

మదార్ దూరంగా ఎద్దులబండి పక్కన నిలబడి, పల్లకి గుడ్డ అంచు ఒకచోట కుట్టు వదిలినట్టుందే అని అక్కణ్ణించే చూస్తున్నాడు. చక్రపాణి ఆయన దగ్గరికి నడిచాడు. మొహంలోకి చూడలేక ఎద్దు మూపురం మీద చెయ్యేసి నిలబడ్డాడు.

"రేపు మొదటి బస్సు ఎన్నింటికన్నా?"

"ఆరున్నరకు స్వామీ."

అంతే మాట్లాడుకున్నారు.

పార్వేటకు పెద్ద శేషాద్రి, చక్రపాణి చిన్నాయన. ఆయన అడ్డం చెప్పలేదు, అట్లాగని పొమ్మనీ అనలేదు. తమలపాకు మడుస్తూ, "పో. సాయంత్రం నైవేద్యానికి నడిగడ్డలో నువ్వుంటే కంకణం నీదే. లేకుంటే వరదరాజులు చేతికి కడ్తా. స్వామికి నైవేద్యం ఆగకూడదు కదప్పా" అన్నాడు. ఆ వరదరాజులు ఆయన కొడుకే. ఆ సంగతి అక్కడున్న ఎవరికీ గుర్తు చేయనక్కర్లేదు.

* * *

శుక్రవారం పదిన్నరకు కాగితం పెడితే, ఉన్న పనులన్నీ అయ్యాక చూస్తానన్నాడు మేజిస్ట్రేటు. కోర్టు వరండాలో గోడకానుకుని ముగ్గురూ కూర్చున్నారు. పదకొండైంది, పన్నెండైంది. భోజనానికి లేచారు, వచ్చారు. చక్రపాణి ప్రతి అరగంటకూ ఎండ ఎంతదాకా వచ్చిందో చూస్తున్నాడు. వకుళమాల ఆయన్ని చూస్తోంది. ఒక్క పోలీసు టోపీ కనబడినా ఆయనకు అడ్డంగా జరుగుతోంది.

మూడు గంటలకు బంట్రోతు తలుపు దగ్గరికొచ్చి గొంతెత్తాడు.

"ఏడో ముద్దాయి చక్రపాణీ!"

రెండోసారి పిలిచే అవసరం రాలేదు.

వకుళమాల తలుపు దగ్గర నిలబడింది. మేజిస్ట్రేటు వయసులో చిన్నవాడు. అలసిపోయిన మనిషిలా ఉన్నాడు. కాగితం చదివాడు. "జ్వరమా?" అని అడిగాడు.

సంజీవయ్య ప్లీడరు దగ్గాడు. ఆ దగ్గుకు అర్థం 'అవునను' అని.

చక్రపాణి కంకణం ఉన్న చేతిని చూసుకున్నాడు. "లేదు సార్. జ్వరం రాలేదు" అన్నాడు.

ప్లీడరు కళ్ళు మూసుకున్నాడు.

"నేను తేదీ చూసుకోలేదు సార్. ఊర్లు లెక్కబెట్టుకుంటి. ఒక ఊర్లో చావైతే స్వామి ఒక దినం ఆగినాడు. నేను బుధవారం వచ్చినా. గుమాస్తా సారు వారంటన్నాడు. భయపడి పోతిని. పార్వేటలో ఉండా సార్, అహోబిలం అర్చకుణ్ణి. తప్పు నాది."

కోర్టులో ఎవరో నవ్వారు. మేజిస్ట్రేటు నవ్వలేదు. జామీనుదారు ఎవరని అడిగాడు. మదార్ ముందుకొచ్చాడు.

"ఈయన పార్వేటలో ఉన్న సంగతి నీకు తెలియదా?"

మదార్ పెదవులు తడుపుకున్నాడు.

"తెలుసు సార్. మంగళవారం తెలియదంటి. అది అబద్ధం. పల్లకి కాడికి పోలీసులు పోతారని భయమేసి అంటి. నన్నేం చేసినా చేయండి."

పైన ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. మేజిస్ట్రేటు కలం కింద పెట్టి ఒకసారి ఈయన్నీ ఒకసారి ఆయన్నీ చూశాడు. ఏమనుకున్నాడో ఏమో! చివరికి మళ్ళీ కలం తీసుకున్నాడు.

"ఒకాయన తానే వచ్చి నిజం చెప్పాడు. ఇంకొకాయన ఆలస్యంగా చెప్పాడు. వారంటు రద్దు చేస్తున్నా. వంద రూపాయల జరిమానా. పాత జామీనే కొనసాగుతుంది. ఇంకోసారి మాత్రం ఏ కారణమూ వినను. మనిషి జైల్లో, పొలం జప్తులో. అర్థమైందా?"

"అయింది సార్."

"డాక్టరుగారికి వీలయ్యేది ఒక్కటే రోజుందట. మార్చి పదిహేడు, మంగళవారం. వస్తావా?"

మార్చి పదిహేడు.

వకుళమాల చెయ్యి తలుపుకొయ్యను పట్టుకుంది. ఇంట్లో క్యాలెండరు మార్చి పేజీలో ఆమె చుట్టి పెట్టుకున్న సున్నా ఒక్కటే, అది ఆ రోజుకే. స్వామి కల్యాణం. నలభై రోజులు ఊరూరూ తిరిగి పిలిచినవాడే ఆ రోజు స్వామి తరఫున పీటల మీద కూర్చోవాలి. పిలుపుకు పోయినవాడు పెళ్ళిలో లేకపోతే ఆ పిలుపుకు విలువేముంది! దానికోసమే ఆయన పన్నెండేళ్ళు ఎదురుచూశాడు.

"వస్తా సార్" అన్నాడు చక్రపాణి, ఏమాత్రం తడుముకోకుండా.

ఆయనకు తెలిసే అన్నాడా? తెలియకనే అన్నాడా? తేదీ చెబితే ఏనాడైనా ఏదైనా అర్థమైన మనిషేనా? బెంచి గుమాస్తా కాగితం ముందుకు జరిపాడు. చక్రపాణి కలం అందుకున్నాడు. ఆ పక్కనే మదార్ నిలబడ్డాడు, మూడు రోజుల తర్వాత మొదటిసారి మామూలుగా ఊపిరి తీసుకుంటూ.

ఒక్క మాట చాలు. "ఆ దినం కల్యాణం" అని ఇక్కణ్ణించి అంటే చాలు, ఆ కలం ఆగుతుంది. ఆగితే? "ఏ కారణమూ వినను" అన్నాడు కదా.

మాట నోటిదాకా వచ్చింది. వకుళమాల నోరు మూసుకుంది.

చక్రపాణి సంతకం పెట్టాడు.

* * *

మూడున్నర బస్సు దొరికింది. నడిగడ్డ చేరేసరికి ఇంకా పొద్దుంటుంది. మదార్ ముందు సీట్లో కూర్చున్నాడు. వెనక సీట్లో చక్రపాణి కిటికీ పక్కన, వకుళమాల ఆయన పక్కన. నెలనాళ్ళ తర్వాత మొగుడి పక్కన కూర్చోవడం ఆమెకు అదే మొదటిసారి. ఆయన సంతోషంగా ఉన్నాడు. చిన్నపిల్లవాడిలా కిటికీ బయటికి చూస్తున్నాడు.

"ప్లీడరు నన్ను కొట్టేట్టు చూసినాడు" అన్నాడు.

"చూడడా మరి."

"అబద్ధం చెప్పలేకపోయినా వకుళా. చెయ్యి అడ్డమొచ్చింది." కంకణం చూపించాడు. "ఇంగ ఈ వాయిదా మాత్రం తప్పకూడదు. మదారన్నకు మళ్ళా ఆ గతి పట్టకూడదు. నువ్వే చెప్పు, పదిహేడో తేదీకి స్వామి యాడుంటాడు?"

వకుళమాల కొంగు సర్దుకుంది.

"సరే, నేనే లెక్కేస్తా ఉండు. ఈసారి లెక్క తప్పను." వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. ఊళ్ళ పేర్లు వరసగా చెప్పుకుంటూ పోయాడు. ఇంకా పదకొండు ఊళ్ళు. ఆ తర్వాత స్వామి ఇల్లు చేరతాడు. ఆ తర్వాత ఫాల్గుణం. ధ్వజారోహణం ఒక వేలు. వాహనసేవలు ఒక్కొక్కటీ ఒక్కో వేలు.

ఒక వేలి దగ్గర ఆగాడు.

మళ్ళీ మొదటినుంచీ లెక్కపెట్టాడు. అదే వేలి దగ్గర ఆగాడు.

బస్సు ఏదో ఊళ్ళో ఆగి, జనాన్ని దింపి, ఎక్కించుకుని మళ్ళీ కదిలింది.

"వకుళా, ఆ దినం కల్యాణం."

"అవును."

"నీకు ఆడనే తెలిసిందా? కోర్టులోనే?"

"తెలిసింది."

"చెప్పలేదే?"

"చెప్పింటే సంతకం పెట్టేవాళ్ళా?"

ఆమె చెయ్యి ఆయన చేతి పక్కనే ఉంది. ఆయన తన చేతిని నెమ్మదిగా ఒళ్ళోకి తీసుకున్నాడు. అది ఆమెకు కొట్టినదానికంటే ఎక్కువ తగిలింది.

ముందు సీట్లోంచి మదార్ వెనక్కి తిరిగాడు. మొహమంతా నవ్వు.

"స్వామీ, మరిచిపోయినా. మా జైతున్‌బీ ఒక మాట చెప్పి పంపింది. మీరు ఈపొద్దు వచ్చి కోర్టులో నిలబడితే, ఆమె కోపమంతా పోయినట్టేనంట. ఈసారి కల్యాణానికి తనూ వస్తానంటాండాది. ఎన్నడూ వచ్చింది కాదు. మీరు పీటల మీద కూర్చోంగ కండ్లారా చూడల్లంట. పిల్చుకొని రానా?"

చక్రపాణి భార్య వంక చూశాడు. కాస్త ముందు కిటికీ బయటికి చూసినప్పటి చూపు కాదది.

"పిల్చుకోని రా అన్నా" అన్నాడు. "నా పిలుపుగా చెప్పు."

ఈ మధ్యాహ్నం ఆయన ఇచ్చిన రెండో మాట అది. రెండూ ఒకే రోజుకు.